తడి చీరలు, జూస్ బాటిల్

మా పాపకు మూడో ఏడు నడుస్తా ఉండగా ఒక మధ్యాహ్నం అది ఆడుకుంటా ఆడుకుంటా ఆగిపోయింది. చేతిలో స్టీలు గిన్నె అట్లే ఉండింది. నోరు కొంచెం తెరుచుకొని, భుజాలు మాత్రం పైకీ కిందికీ పోతా ఉండినాయి. ఏడవలేదు. ఏడిచేదానికి కూడా దాని దగ్గర గాలి లేదని నాకు అప్పుడు తెలియలేదు. ఏదో మింగేసిందేమో అని నోట్లో వేలు పెట్టి చూసినాను. ఏమీ లేదు.

వంటింట్లో నుంచి మా అత్త వచ్చి పాప గౌను పైకెత్తింది. ఎముకల నడుమ చర్మం లోపలికి గుంటలు పడతా ఉండింది. 

"బేగ ఆటోను పిలువమ్మా. ఇది గొంతులోది కాదు, రొమ్ములోది," అనింది.

ఆమెకు అది చూడగానే తెలిసిపోయింది. మా మామ గనిలో పని చేసిన మనిషి. నేను కోడలిగా వచ్చేటప్పటికే లేడు. రాయి తొలిచే ధూళి రొమ్ములో చేరి, కడపటి కాలమంతా గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయినాడంట. పడుకుంటే ఊపిరి అందేది కాదంట. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. ఆటోలో పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నప్పుడు మాత్రం ఆమె దాన్ని పడుకోనీకుండా నిలువుగా ఎందుకు పట్టుకునిందో నాకు అర్థమయింది.

ఆస్పత్రిలో ముక్కుకు, నోటికి కలిపి ఒక ప్లాస్టిక్ ముసుగు పెట్టి, మిషన్‌తో మందు ఆవిరి పట్టించినారు. పాప ముసుగును పీకి పారేసింది. ఒక నర్సు తల పట్టుకునింది, ఇంకో నర్సు చేతులు పట్టుకునింది, కాళ్ళు నేను పట్టుకున్నాను. ఊపిరాడని బిడ్డకు ఊపిరాడే చోటు మూసేస్తా ఉండారని అనిపించి ఉంటుంది. నా కండ్లలోకి చూసి అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉండాది. మందు పని చేసింది, సాయంత్రానికి ఇంటికి పంపించినారు. అయితే ఆ రోజు నుంచి మొహం దగ్గరికి ఏ వస్తువు వచ్చినా పాప గడగడా వణికేది. తలకు టోపీ పెట్టబోయినా అంతే.

డాక్టరు ఉబ్బసమని చెప్పి ఒక నీలం ఇన్‌హేలర్ పంపు, దానికి తగిలించే స్పేసర్ రాసిచ్చినాడు. స్పేసర్ అంటే ఒక పొడుగాటి డబ్బా. ఒక కొసన పంపు పెట్టాల, ఇంకో కొసన చిన్న ముసుగు ఉంటుంది. పంపు నేరుగా నోట్లో కొడితే మందంతా నాలిక మీద పడిపోతుంది, డబ్బాలో కొడితే పొగ మాదిరి నిలిచి బిడ్డ మెల్లగా పీల్చుకుంటుంది అని చెప్పినాడు. వినేదానికి సులభంగానే ఉండింది. ఇంటికొచ్చి చూస్తే దానికీ ముసుగే. ముసుగు కనిపిస్తే చాలు, పాప మంచం కిందికి దూరేది. లాగి పట్టించేదాన్ని. ఏడిచేకొద్దీ ఊపిరి ఇంకా బిగుసుకునేది. మందు చెంపల పక్కనుంచి పోయేది.

మేము ఉండేది కేజీఎఫ్‌లో, పాత గని పనివాళ్ళ ఇండ్ల లైన్లలో. పెరట్లో నిలబడితే సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. బంగారం తీసేసినాక మిగిలిన రాతిపిండిని ఏండ్లకేండ్లు పోసి పోసి గుట్టలు చేసినారు. వానాకాలంలో అవి మామూలు గుట్టల మాదిరే ఉంటాయి. ఎండలు ముదిరి గాలి లేచినాదంటే మాత్రం వాటి నెత్తి మీద నుంచి తెల్లగా పొగ లేస్తుంది. పొగ కాదు, పిండి. కిటికీలు మూసినా వస్తుంది. అన్నం మీద పడుతుంది, పరుపు మీద పడుతుంది. పండ్ల నడుమ కరకరమంటుంది. అంతకు ముందు విసుక్కుంటా ఊడ్చుకొనేదాన్ని. పాపకు ఇట్లా అయినాక ఆ దిబ్బల వైపు కిటికీ తెరిచేదే మానేసినాను.

మా ఆయనకు మాలూరులో ఫ్యాక్టరీ పని. పొద్దున రైలెక్కితే చీకటి పడినాకే ఇల్లు చేరేది. ఆయన ఒక రోజు గాలి శుభ్రం చేసే మిషను కొని భుజాన పెట్టుకొని వచ్చినాడు. తెల్లగా, ముచ్చటగా ఉండింది. గాలి బాగుంటే పచ్చ లైటు, బాగలేకపోతే ఎర్ర లైటు. మా ఇంట్లో అది ఎప్పుడూ ఎర్రగానే ఉండింది. ఆ ఎర్ర లైటును చూసి చూసి నాకు భయం ఇంకా ఎక్కువయింది. కొన్ని వారాలకే దాని లోపలి జల్లెడ బూడిద పట్టి బిగుసుకుపోయింది. అన్నిటికంటే ఘోరం ఏమంటే, గాలి గట్టిగా వీస్తే మా లైన్లలో కరెంటు పోతుంది. మిషను కావలసినప్పుడే అది చచ్చిపోయేది.

ఒకసారి అట్లే కరెంటు పోయి, బయట దిబ్బ మీద తెల్లగా లేస్తా ఉండగా, మా అత్త తన పాత నూలు చీరలు బొక్కెనలో ముంచి తెచ్చింది. కిటికీకి, వాకిలికి తాడు కట్టి, నీళ్ళు కారతా ఉండే చీరలను రెండు మడతలుగా వేలాడదీసింది. కింది కొసలు నేల మీద పరిచి ఇటుకలు పెట్టింది.

"పట్టు వద్దు, పాలిస్టరు వద్దు. నూలైతేనే నీళ్ళు తాగుతాది. ఆరిపోకుండా నువ్వు చెంబుతో చల్లతా ఉండు," అనింది.

ఇల్లు గుహ మాదిరి అయిపోయింది. తడి వాసన, మసక వెలుతురు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. గాలి ఆగినాక చీరలు దించి తొట్టిలో పిండినాము. నీళ్ళు బూడిద రంగు బురద అయినాయి. తొట్టి అడుగున వేలితో గీస్తే గీత పడేంత మందంగా పేరుకొనింది.  ఇది నా బిడ్డ లోపలికి పోవలసింది.

ఆ రోజు నుంచి మిషను మూలన పడింది. మా ఆయన మొదట్లో గొణుక్కున్నాడు గానీ, తొట్టిలో బురద చూసినాక తాళ్ళు కట్టేదానికి తనే మేకులు కొట్టినాడు. పాపకు ఊపిరి పట్టేది తగ్గింది. తగ్గింది అంతే, పోలేదు.

పాపకు అయిదో ఏడు వచ్చిన ఎండాకాలం. మా అత్త చెల్లెలిది శ్రీనివాసపురం దగ్గర మామిడితోట. కాయ కోతకు వచ్చింది, బిడ్డను తీసుకొని రాండి, ఆ దిబ్బల గాలికి దూరంగా నాలుగు దినాలు ఉంటాది అని ఫోను చేసింది. నాకు సంతోషమే అయింది. మా ఆయనకు సెలవు లేదు. అత్త, నేను, పాప బయలుదేరినాము. బేతమంగళం మీదుగా ముళబాగిలు చేరి, అక్కడ శ్రీనివాసపురం బస్సెక్కినాము. పాప అడిగిందని బస్ స్టాండులో ఒక మామిడి జూస్ బాటిల్ కొనిచ్చినాను. పంపు, స్పేసర్ పెట్టిన సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

బస్సు కిక్కిరిసి ఉండింది. దోవలో ఎవరో రాగుల మూట ఒకటి లోపలికి తోసినారు. అది వచ్చి దబ్బున నా సంచి మీద పడింది. లోపల ఏదో పటుక్కుమనింది. చూసేలోగానే బస్సు కదిలింది. కొంత దూరం పోయినాక రోడ్డు వెడల్పు చేసే పని. ముందర ఒక టిప్పరు మన్ను పోసుకుంటా పోతా ఉండాది. ఎర్రమన్ను కిటికీల్లో నుంచి మేఘం మాదిరి లోపలికి వచ్చి పడింది. అందరూ కొంగులూ తుండుగుడ్డలూ మూతికి పెట్టుకున్నారు. నేను పాప మొహాన్ని నా రొమ్ముకు అదుముకున్నాను. అప్పటికే దగ్గు మొదలయింది.

సంచి తీసి చూస్తే స్పేసర్ నిలువునా పగిలిపోయి ఉండింది. ముసుగు ఊడి విడిగా పడి ఉండింది. పంపుకు మాత్రం ఏమీ కాలేదు.

పాప మాట్లాడేది ఆపేసింది. మాట్లాడబోతే ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ గాలి కోసం వెతుక్కుంటా ఉండింది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడతా ఉండినాయి. నేను పంపు నేరుగా దాని నోట్లో పెట్టి కొట్టినాను. అది ఉలిక్కిపడి దగ్గింది, మందంతా తెల్లగా బయటికి వచ్చేసింది. మళ్ళీ కొట్టినాను. మళ్ళీ అంతే. నా వేళ్ళు చెమటకు జారిపోతా ఉండినాయి.

"అయ్యా, బస్సు ఆపు!" అని అత్త అరిచింది.

రోడ్డు పక్కన ఒక సంగటి హోటలు ముందర డ్రైవరు ఆపినాడు. రేకుల పాక, ముందర రెండు బెంచీలు. పాపను ఎత్తుకొని దిగినాను. చుట్టూ జనం మూగినారు. ఒకరు వేడి కాఫీ తాపమంటారు, ఇంకొకరు నొప్పుల బామ్ రుద్దమంటారు. గాలి రానీండప్పా అని అత్త అందరినీ తోసింది. ఆస్పత్రి ఎంత దూరమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పినారు. పాప పెదవుల చుట్టూ రంగు మారతా ఉండాది. 

అత్త పగిలిన స్పేసర్‌ను చేతిలో తిప్పి చూసింది.

"దీంట్లో ఏముంటాది? మందు ఉంటాదా? యంత్రం ఉంటాదా?"

"ఏమీ ఉండదు అత్తా. వట్టి డబ్బా. మందు కొంచెం సేపు నిలిచేదానికి, అంతే."

"వట్టి డబ్బానా?"

ఆమె చూపు పాప చేతి మీద పడింది. పాప ఆ జూస్ బాటిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకునే ఉండింది. నా చూపూ అక్కడికే పోయింది. ఎవరికి ముందు తట్టిందో ఈ రోజుకూ మాకు తెలియదు. ఇద్దరం ఒకేసారి బాటిల్ మీద చెయ్యి వేసినాము.

జూస్ పారబోసి, నీళ్ళతో గలగలా కడిగినాను. అత్త కొంగు చివరను ఒక పుల్లకు చుట్టి లోపలంతా తుడిచింది. హోటలామె కత్తి మొనను పొయ్యిలో ఎర్రగా కాల్చి ఇచ్చింది. నేను బాటిల్ అడుగు భాగంలో కత్తి దించినాను. ప్లాస్టిక్ కాలిన కంపు. పంపు మూతిని ఆ రంధ్రంలో దోసి చూస్తే వదులు. తొందరలో రంధ్రం పెద్దది అయిపోయింది. ఒకసారి కొట్టి చూస్తే మందు పక్కలనుంచి బుస్సుమని బయటికే పోయింది.

"గుడ్డ ఉండాదా? టేపు ఉండాదా?" అని అరిచినాను. బస్సులో మందుల పెట్టె అని రాసిన డబ్బాలో ఏమీ లేదంట.

బెంచీ మీద ఒక పెద్దాయన తినేది ఆపి మా వైపే చూస్తా ఉండినాడు. ఆయన తట్టలో రాగి ముద్ద పొగలు కక్కతా ఉండాది. అత్త అడగలేదు, ఆయనే తట్టను ముందుకు తోసినాడు. ఆమె ఆ వేడి ముద్దను చేత్తోనే తుంచి, పంపు చుట్టూ పెట్టి, బొటనవేలితో అదిమి అదిమి మెత్తింది. గోడకు బంకమన్ను మెత్తినట్టు. చెయ్యి కాలతా ఉండాదని కూడా ఆమెకు తెలియలేదు. రాగి ముద్ద ప్లాస్టిక్‌కు అతుక్కుపోయింది. ఎక్కడా సందు లేదు.

బాటిల్ మూతిని పాప పెదవుల దగ్గర పెట్టినాను.  ఇప్పుడు ఇది కూడా వద్దని తల తిప్పేస్తే ఇంగ నా దగ్గర ఏమీ లేదు.

పాప నన్ను చూసింది. "ముసుగు... కాదా?"

"కాదు బంగారూ. నీ జూస్ బాటిలే. మామిడి వాసన చూడు."

అది మెల్లగా పెదవులతో పట్టుకునింది. నేను పంపు నొక్కినాను. బాటిల్ లోపల తెల్లటి పొగ కమ్ముకొనింది. పాప పీల్చింది. బాటిల్ గోడలు లోపలికి ముడుచుకొని, వదలగానే టక్కుమని బయటికి వచ్చినాయి. మళ్ళీ ముడుచుకున్నాయి, మళ్ళీ టక్కుమన్నాయి. స్పేసర్‌లో మందు లోపలికి పోతా ఉండాదా లేదా అని నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఇక్కడ నా బిడ్డ ఊపిరి నా కండ్లకు కనిపిస్తా ఉండింది.  చుట్టూ జనమంతా ఆ చప్పుడే వింటా ఉండినారు.

మొదట్లో ఆ ముడుచుకొనేది చాలా కొంచెం. ఒకసారి ముడుచుకోనే లేదు. నేను పాప వీపు మీద చెయ్యి వేసి, "పీల్చమ్మా, పీల్చు," అంటా ఉండినాను. ఆగి ఆగి మళ్ళీ మందు కొట్టినాను. కొంచెం సేపటికి బాటిల్ గట్టిగా ముడుచుకొనింది. పాప పెదవులకు రంగు తిరిగి వచ్చింది.

డ్రైవరు దగ్గరికి వచ్చి చెప్పినాడు: "ఎక్కండమ్మా. ఆస్పత్రి గేటు దాకా యాడా ఆపేది లేదు."

ఆపలేదు. దోవలో దిగవలసిన వాళ్ళు కూడా ఆపమని అడగలేదు. రాగుల మూట ఆయన పాప కూర్చొనేదానికి తన సీటు ఇచ్చి దోవంతా తలవంచుకొని నిలబడినాడు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకొనేదానికి కూడా ఓపిక లేదు. నా కన్ను బాటిల్ మీదనే ఉండింది. ముడుచుకుంటా ఉండాదా, ఉండాదా అని.

ఆస్పత్రిలో నర్సు ముసుగు తీసుకొని రాగానే పాప నా మెడను కరుచుకొని కేకలు పెట్టింది. డ్యూటీలో ఉండిన డాక్టరమ్మ నర్సును ఆగమని, నా చేతిలో బాటిల్ తీసుకొని చూసింది.

"ఏమిది, రాగి ముద్దనా?"

"టేపు దొరకలేదమ్మా," అనింది అత్త.

డాక్టరమ్మ నవ్వలేదు. ముద్దను జాగ్రత్తగా గీకి తీసేసి, పంపు చుట్టూ ప్లాస్టర్ గట్టిగా చుట్టింది. "ముద్ద తునక ఏదైనా లోపలికి పోతే గొంతులో అడ్డం పడుతుంది. ఈసారి ప్లాస్టరే వాడండి, బాటిల్ కడిగి బాగా ఆరబెట్టండి. మిగతాదంతా సరిగ్గానే ఉంది. బాటిల్‌తో ఇట్లా ఇచ్చేది కొత్తేమీ కాదు, మేమూ ఇస్తాం," అని చెప్పి, ముసుగు పక్కన పెట్టి, ఆ బాటిల్‌తోనే మందు ఇచ్చింది. పాప ఏడవకుండా పీల్చుకొనింది. వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూసి, ఒక రాత్రి ఉంచుకొని పంపించినారు. అత్త చేతివేళ్ళు బొబ్బలెక్కింది అక్కడే చూసినాను.

మామిడితోటకు పోలేదు. అక్కడినుంచే ఇంటికి తిరిగి వచ్చేసినాము.

మా ఆయన ఇంకో స్పేసర్ కొని తెచ్చినాడు, ఈసారి ఇంకా మంచిది. పాప దాన్ని ముట్టలేదు. నేను మా ఊరి డాక్టరును అడిగి, ఆయన సరే అన్నాక, బాటిళ్ళు చేసేది నేర్చుకున్నాను. పంపు మూతిని అట్టముక్క మీద పెట్టి గీసి, అదే కొలతకు రంధ్రం తీస్తే ముద్దతో పని లేదు. ఇంట్లో ఒకటి, నా సంచిలో ఒకటి, స్కూలు టీచరు దగ్గర ఒకటి. వాటికి పాపే పూల స్టిక్కర్లు అంటించింది. ఇప్పుడు దానికి ఎనిమిదేండ్లు. ఊపిరి బిగుసుకుంటే ఎవరినీ పిలవకుండా తనే బాటిల్ తీసుకొని గోడకు ఆనుకొని కూర్చుంటుంది. అది అట్లా గోడకు ఆనుకొనేది చూస్తే మా అత్త లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది.

పోయిన ఎండాకాలం ఒక పగలు నేను వంటింట్లో ఉండగా పెరటి వైపునుంచి సన్నగా ఈల మాదిరి చప్పుడు వినిపించింది. పాపకు ఊపిరి పట్టిందనుకొని చేతిలో గరిటె పారేసి పరిగెత్తినాను. పాప స్కూల్లో ఉండాదని వాకిలి దాటినాక గుర్తుకొచ్చింది. తొట్టి దగ్గర మా అత్త, సగం పిండిన చీర పట్టుకొని, వంగి నిలబడి ఉండింది.

"ఏం లేదు," అనింది. ఆ రెండు మాటల నడుమ ఊపిరి తీసుకొనింది.

ఆమెను ఒప్పించి ఆస్పత్రికి తీసుకొని పోయేదానికి వారం పట్టింది. ఎక్స్‌రే తీసినారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసినాడు. మేము భయపడిన గని ధూళి రోగం కాదు, ఉబ్బసమే అన్నాడు. కానీ ధూళి దగ్గరికి పోకూడదని, ఆ బురద చీరలు ముట్టకూడదని గట్టిగా చెప్పినాడు. ఆమెకూ పంపు రాసిచ్చినాడు. నాకు వద్దు, అదంతా చిన్నబిడ్డలకు అని అత్త మొండికేసింది. పాపే ఆమె ముందర కూర్చొని, పెద్ద బాటిల్ ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

"అవ్వా, ముందర లోపల ఉండే గాలంతా వదిలేయాల. వదులు. ఆ, ఇప్పుడు పెదవులు గట్టిగా పట్టు."

అత్త వదిలింది. పట్టింది. పాప పంపు నొక్కింది.

చీరలు ఇప్పుడు నేను పిండుతాను, ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని. తొట్టిలో బురద ఇంకా అంతే పడుతుంది. నిన్న మళ్ళీ గాలి లేచింది. కిటికీలకు చీరలు కట్టి, వాకిలి మూసి, నడవలో చాప వేసుకొని ముగ్గురం కూర్చున్నాము. పాప హోంవర్క్ రాసుకుంటా ఉండింది. అత్త కండ్లు మూసుకొని ఉండింది. నేను ఒకసారి ఈ పక్క చెవి పెట్టి వింటాను, ఒకసారి ఆ పక్క. రెండు ఊపిర్లూ మామూలుగానే ఉండినాయి. బయట రేకులు దడదడమంటా ఉండినాయి. చీర కొస ఆరిపోతా ఉండాదని కనిపించి, చెంబు తీసుకొని లేచినాను.